రాయి తిప్పేది ఎవరు? – ‘గ్రైండ్’ మీద వ్యాసం రాస్తున్న యువ రచయితకు లేఖ

ప్రియమైన తమ్ముడికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన ‘గ్రైండ్’ వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఇంగ్లీషు మాటల చరిత్రను తెలుగు పాఠకులకు చెప్పాలనుకున్నప్పుడు మొదటి అడుగుగా ఈ మాటను ఎంచుకోవడం మంచి ఆలోచన. ‘పిండి గ్రైండ్ చేశావా’ అని అడగని వంటిల్లు ఇప్పుడు మన దగ్గర అరుదు కాబట్టి, పాఠకుణ్ణి ఒప్పించడానికి నువ్వు పెద్దగా కష్టపడనక్కరలేదు. భాష కూడా శుభ్రంగా ఉంది. అయితే నిఘంటువులోని అంకెలు తీసేసి, ఒక్కో అర్థాన్ని ఒక్కో పేరా చేసినట్టుగా నడిచింది వ్యాసం. పిండి చేయడం, పదును పెట్టడం, పళ్ళు కొరకడం, చాకిరి, బట్టీ చదువు ఒకదాని వెనక ఒకటి వచ్చి పోతున్నాయే తప్ప, వాటిని కలిపే దారం కనిపించడం లేదు.

ఆ దారం తెగింది నీ మొదటి పేరాలోనే. ‘నలగగొట్టడం, పదును పెట్టడం అనే పరస్పర విరుద్ధమైన అర్థాలు ఒకే మాటలో ఇమడటం విచిత్రం’ అని రాశావు. అందులో విరుద్ధం ఏమీ లేదు. రెండింటిలోనూ చెయ్యి చేసే పని ఒక్కటే: ఒక వస్తువును రాతికి అదిమి రాపాడించడం. గింజను అలా చేస్తే లోపలి దాకా చితికి పిండి అవుతుంది, ఇనుమును అలా చేస్తే అంచు మాత్రం అరిగి పదునెక్కుతుంది. ఫలితం వేరు, పని వేరు కాదు. ఈ మాట నీకు వింతగా తోచనక్కరలేదని చెప్పడానికి మన ‘నూరు’ ఒక్కటి చాలు. పచ్చడి నూరుతాం, మందు నూరుతాం, కత్తి నూరుతాం, కోపం వస్తే పళ్ళు కూడా నూరుతాం. ఇంగ్లీషుకూ తెలుగుకూ ఏ చుట్టరికమూ లేకపోయినా ఒకే పని రెండుచోట్లా ఒకేలా అర్థాలను కన్నది. నీ వ్యాసానికి ఇంతకంటే మంచి ఎత్తుగడ దొరకదు.

ఇక మాట పుట్టుక సంగతి. ప్రాచీన ఇంగ్లీషులో దీని రూపం ‘గ్రిండన్’. రాపాడించడం, గీకడం, పొడి చేయడం అప్పటికే దాని అర్థాలు. లాటిన్‌లో పళ్ళు నూరడాన్ని చెప్పే ‘ఫ్రెండెరె’ దీనికి దూరపు బంధువని భాషావేత్తలు చెబుతారు. జర్మన్, డచ్ భాషలు పిండి విసరడానికి ‘మాలెన్’ అనే వేరే పాత ధాతువునే నేటికీ వాడుతున్నాయి. ఇంగ్లీషు ఆ క్రియను పోగొట్టుకుని, పిండి అనే అర్థమున్న ‘మీల్’లో మాత్రం దాని ఆనవాలును మిగుల్చుకుంది (భోజనం అనే ‘మీల్’ వేరే మాట, ఆ ఉచ్చులో పడకు). ఖాళీ అయిన ఆ చోటును ‘గ్రైండ్’ ఆక్రమించింది. పదును పెట్టడం అనే అర్థం రాతల్లో కనిపించేది సుమారు 1300 ప్రాంతం నుంచి. ‘గ్రైండ్‌స్టోన్’ అనే మాట కూడా మొదట తిరగలి రాయికే చెల్లి, తర్వాత కత్తులు నూరే గుండ్రటి సానరాయికి మారింది.

‘గ్రైండ్’కు భూతకాల రూపం ‘గ్రౌండ్’ కాబట్టి, నేల అనే ‘గ్రౌండ్’ కూడా దీని నుంచే వచ్చిందనీ, నేల అంటే కాలం నూరిన రాళ్ళ పొడి అనీ రాశావు. చదవడానికి బాగుంది, నిజం కాదు. నేల అనే మాటకు ప్రాచీన రూపం ‘గ్రుండ్’. అడుగు, లోతు, సముద్రపు అట్టడుగు అన్నవి దాని తొలి అర్థాలు. క్రియ సంగతి వేరు: ‘బైండ్’ బౌండ్ అయినట్టు, ‘ఫైండ్’ ఫౌండ్ అయినట్టు ‘గ్రైండ్’ గ్రౌండ్ అయింది. వంద అనే ‘నూరు’నూ కత్తి నూరడాన్నీ ఒకప్పుడు రెండింటినీ శకటరేఫతోనే (ఱ) రాసేవారు కదా, అంతమాత్రాన వాటికి ఎవరైనా చుట్టరికం కలిపారా? ధ్వని కలిసిన చోటల్లా కథ అల్లాలనే కోరిక ఈ రంగంలోకి వచ్చే ప్రతివాడికీ ఉంటుంది. దానికి లొంగితే చదివినవాళ్ళు చప్పట్లు కొడతారు, తెలిసినవాళ్ళు నీ రెండో వ్యాసం చదవరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అర్థాలను కలిపే దారం కావాలంటే ప్రతి వాడుక దగ్గరా ఆగి రెండు ప్రశ్నలు వేసుకో. రాయి తిప్పుతున్నది ఎవరు? అక్కడ అరుగుతున్నది ఏది? ఈ రెంటికీ జవాబులు మారినప్పుడల్లా ఆ మాట అర్థం మారింది.

మొదటి సాక్ష్యం చాలా పాతది, నీ వ్యాసంలో అసలు లేదు. ఇంగ్లండ్‌లోని పాత కెంట్ రాజ్యాన్ని పాలించిన ఎథెల్బెర్ట్ సుమారు 600 ప్రాంతంలో చేసిన చట్టం, ఇంగ్లీషులో మనకు తెలిసిన చట్టాలన్నిటిలోకీ పాతది. 12వ శతాబ్దపు రాతప్రతిలో అది మిగిలింది. రాజుగారి ఇంటి పరిచారికతో ఎవడైనా శయనిస్తే 50 షిల్లింగులు కట్టాలని అందులో ఒక నిబంధన ఉంది. ఆమె ‘గ్రిండెండె’ దాసి అయితే, అంటే తిరగలి దగ్గర పిండి విసిరే దాసి అయితే, జరిమానా 25 షిల్లింగులకు దిగుతుంది, మూడో తరగతి దాసికి 12 షిల్లింగులే. ఆ డబ్బు ఎవరికి చేరేదో వేరే చెప్పనక్కరలేదు: దాసి రాజుగారి సొత్తు, నష్టపరిహారం సొత్తుగలవాడికి. ఇంగ్లీషు భాషలోని అతి పాత రాతల్లో ఒకదానిలో ఈ మాట కనిపిస్తున్నది వంటకం గురించి కాదు, ఒక ఆడమనిషికి కట్టిన ధర పక్కన. తర్వాత వెయ్యేళ్ళకు పైగా గడిచాక ‘గ్రైండ్’ అంటే గొడ్డుచాకిరి అనే అర్థం వచ్చిందని నిఘంటువులు చెబుతాయి. తేదీ వరకు అది సరే. చాకిరి మాత్రం మొదటి నుంచీ ఆ రాతి పక్కనే కూర్చుని ఉంది.

చేతి తిరగళ్ళ తర్వాత నీటి మరలు వచ్చాయి. 1086లో విలియం రాజు దేశంలోని భూములకూ ఆస్తులకూ చేయించిన డూమ్స్‌డే లెక్కల నాటికే ఇంగ్లండ్‌లో మరలు దాదాపు 6,000. మర ప్రభువుది, ధాన్యం రైతుది. ప్రభువు మరలోనే ఆడించుకోవాలి, అందులో కొంత పిండి మరకు సుంకంగా వదిలిపెట్టాలి. సెయింట్ ఆల్బన్స్ మఠం కథ నీకు తప్పకుండా పనికొస్తుంది. అక్కడి మఠాధిపతి 14వ శతాబ్దం తొలి భాగంలో ఊరి జనం ఇళ్ళలోని చేతి తిరగళ్ళను లాక్కుని, ఆ రాళ్ళను మఠంలోని గదికి నేలగా పరిపించాడు. 1381లో రైతులు తిరగబడినప్పుడు జనం ఆ గదిలోకి చొరబడి, రాళ్ళను పెళ్ళగించి, ముక్కలు చేసి, చర్చిలో పవిత్రమైన రొట్టెను పంచుకునే తీరుగా ఇంటింటికీ పంచుకున్నారు. పిండి విసరడం బాధాకరమైన పనే, కానీ సొంత తిరగలి మీద విసురుకునే హక్కు కోసం మనుషులు ప్రాణాలకు తెగించారు. మాట అర్థంలో ఈ రెండో పార్శ్వం కూడా ఉండాలి, లేకపోతే నీ వ్యాసం ఒట్టి ఏడుపుగా మిగులుతుంది. ఆ కాలానికే చెందిన కవి చాసర్ తన పాత్ర చేత ‘మరకు ముందు వచ్చినవాళ్ళదే ముందు ఆడుతుంది’ అని చెప్పించాడు. పిండిమర ముందు డబ్బాలు వరసలో పెట్టి నిలబడ్డ మన పాఠకుడికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

బైబిల్ వాడుకలను నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు, అక్కడ కొంచెం నిలబడు. 1611 నాటి ఇంగ్లీషు అనువాదంలో యెషయా ప్రవక్త, బీదల ముఖాలను ‘గ్రైండ్’ చేస్తారా అని పెద్దలను నిలదీస్తాడు. అరుగుతున్నది ఇక్కడ గింజ కాదు, మనిషి. ప్రసంగి గ్రంథంలో ముసలితనాన్ని వర్ణించేచోట ‘గ్రైండర్లు’ కొద్దిమందే మిగలడం వల్ల పని మానేస్తారని వస్తుంది. అవి దవడ పళ్ళని చాలామంది వ్యాఖ్యానం, హీబ్రూ మూలంలో మాత్రం ఆ మాట స్త్రీలింగ బహువచనం, అంటే తిరగలి దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు. తెలుగు బైబిల్ మొదటిచోట నూరడం అనీ, రెండోచోట విసరడం అనీ వేర్వేరు మాటలు వాడింది. ఏ పనికి ఏ క్రియో ఆ అనువాదకులకు బాగా తెలుసు.

నీ అనువాదాల్లో నాకు నచ్చని విషయం ఇదే. వ్యాసమంతా ‘రుబ్బడం’ అని నింపేశావు. తడిపిన పప్పును రుబ్బుతాం, పొడి గింజను తిరగలిలో విసురుతాం, రోకలితో దంచుతాం, సన్నికల్లు మీద నూరుతాం, గంధాన్ని అరగదీస్తాం, మరలో ఆడిస్తాం. ఇంగ్లీషుకు ఒక్క మాట ఉన్నంత మాత్రాన నీకున్న అరడజను మాటల్లో అయిదింటిని మూలన పడేస్తావా? ‘డైలీ గ్రైండ్’కు నువ్వు రాసిన ‘రోజువారీ రుబ్బుడు’ తెలుగు చెవికి ఆనదు. గానుగెద్దు బతుకు అను. అందులో తిరిగేవాడు కూడా కనిపిస్తాడు.

సానరాయి దగ్గరకు వద్దాం. అందరికంటే ఎక్కువ చోటు ఇవ్వవలసింది దీనికే అని నా అభిప్రాయం. ముక్కును సానరాయికి ఆనించడం అనే నానుడి ఇప్పుడు ‘తలెత్తకుండా పనిచేయడం’ అనే మెచ్చుకోలుగా చెలామణి అవుతోంది. 16వ శతాబ్దంలో తొలిసారి కనిపించినప్పుడు అది మెచ్చుకోలు కాదు. ఒకడు ఇంకొకడి ముక్కును బలవంతాన రాతికి అదిమి పట్టడం, అంటే లొంగదీసి బాధించడం. అదిమే చెయ్యి కాలక్రమంలో వాక్యంలోంచి తప్పుకుంది, ముక్కు గలవాడే స్వచ్ఛందంగా వంగినట్టు మిగిలింది. ఉద్యోగాలిచ్చేవాళ్ళకు ఇంతకంటే అనుకూలమైన అర్థపరిణామం ఉంటుందనుకోను.

ఇంగ్లండ్‌లో కత్తులకు పేరుపడ్డ షెఫీల్డ్ పట్నంలో ‘గ్రైండర్’ అంటే యంత్రం కాదు, మనిషి. ఇసుకరాతితో చేసిన పెద్ద చక్రం ఎదుట, గుర్రం జీను లాంటి చెక్క మీద కాళ్ళు అటూ ఇటూ వేసి కూర్చుని, ముందుకు వంగి ఉక్కును రాతికి అదిమేవాడు. కత్తులను నీళ్ళతో తడుపుతూ నూరేవారు, ఫోర్కులను పొడిగా నూరేవారు. పొడిగా నూరినప్పుడు ఉక్కు రజను, దానికంటే ప్రమాదకరమైన ఇసుకరాతి ధూళి నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్ళేది. 19వ శతాబ్దం తొలి సగంలో ఆర్నాల్డ్ నైట్ అనే స్థానిక వైద్యుడు ఈ జబ్బును వర్ణించాడు. దాన్ని గ్రైండర్ల ఉబ్బసం అనేవారు, ఇప్పుడు సిలికోసిస్ అంటున్నాం. పొడి రాతి మీద పనిచేసేవాళ్ళు ముప్పై అయిదేళ్ళు దాటి బతకడం అరుదని ఆయన రాశాడు. పదును పెట్టడమూ పొడి చేయడమూ ఒకే క్రియ ఎందుకయ్యాయో ఆ గదిలో కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది: ఫోర్కు పదునెక్కుతోంది, రాయి పొడి అవుతోంది, తిప్పేది ఆవిరి యంత్రమే అయినా దాని ముందు కూర్చున్న మనిషి కూడా అరిగిపోతున్నాడు. నీ వ్యాసానికి గుండెకాయ ఈ గదే కావాలి.

‘గొడ్డలి నూరుకోవడం’ అంటే పైకి చెప్పని స్వార్థం అనే నానుడిని బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఖాతాలో వేశావు. చాలామంది వేస్తారు. అది పెన్సిల్వేనియా పత్రికల్లో చార్లెస్ మైనర్ రాసిన కథ, కాలం 1810 ప్రాంతం. చలికాలపు ఉదయం గొడ్డలి భుజాన వేసుకుని వచ్చిన ఒక పెద్దమనిషి, ‘ఎంత చక్కటి పిల్లాడివి, మీ నాన్నకు సానరాయి ఉందా’ అంటూ ఒక కుర్రాణ్ణి పొగిడి, అరచేతులు బొబ్బలెక్కేదాకా రాయి తిప్పిస్తాడు. గొడ్డలి పదునెక్కగానే ‘బడి ఎగ్గొట్టావు, ఇక పరుగెత్తు’ అని కసురుతాడు. ఈ కథ చెప్పేది రాయి తిప్పిన ఆ కుర్రాడే, గమనించావా? మనవాళ్ళు కత్తులు నూరడం అంటే బాహాటంగా పగబట్టడం, ఇక్కడ గొడ్డలి నూరడం అంటే నవ్వుతూ పని చేయించుకోవడం. ఈ తేడాను రెండు మాటల్లో చెప్పి వదిలెయ్.

చదువుల అర్థానికి ఒక పేరా చాలు. వ్యాకరణాన్ని పిల్లల చేత వల్లె వేయించే లాటిన్ పంతుళ్ళను 18వ శతాబ్దంలోనే ‘జెరండ్ గ్రైండర్లు’ అని వెక్కిరించారు (జెరండ్ అంటే లాటిన్ వ్యాకరణంలో ఒక క్రియారూపం). నవలాకారుడు డికెన్స్ 1854లో తన బడిపంతుళ్ళ ఏలికకు గ్రాడ్‌గ్రైండ్ అని పేరు పెట్టాడు. ఐర్లండ్‌లో ట్యూషన్లను ఇప్పటికీ ‘గ్రైండ్స్’ అనే పిలుస్తారు. మన ఇంటర్ కాలేజీల పిల్లలు ‘రుద్దుడు’ అనేది దీన్నే. వీడియో గేముల్లో పాయింట్ల కోసం ఒకే పని పదేపదే చేయడం, పొద్దున్నే లేచి ‘గ్రైండ్’ చేయమని ఉపదేశించే సోషల్ మీడియా వీరులు, ఇవన్నీ రెండు మూడు వాక్యాల్లో సర్దు. తమను తామే రాయీ గింజా చేసుకుని గర్వపడటం ఈ తరం వింత, అంతకు మించి అక్కడ చెప్పుకోవడానికి పెద్దగా లేదు.

చివరి పేజీల్లో ముందు చెప్పినవే మళ్ళీ చెప్పావు. పిష్టపేషణం, అంటే పిండినే మళ్ళీ పిండి చేయడం, అని దానికి మన పెద్దలు పేరే పెట్టారు, ఈ అంశం మీద రాస్తూ దానికి పాల్పడటం మరీ చమత్కారం. ఆ పేజీలు కొట్టెయ్. వంటింటి యంత్రం గురించి ఒక ముక్క చేర్చు: రుబ్బురోలులో రోలు కదలదు, పొత్రాన్ని చెయ్యి తిప్పుతుంది, కోయంబత్తూరు పేరున్న పాత గ్రైండర్లలో పొత్రం నిలబడి ఉంటుంది, రోలే తిరుగుతుంది. మోటారు వచ్చి ఇంట్లో ఎవరి చెయ్యికి విశ్రాంతి ఇచ్చిందో రాస్తే, ఎథెల్బెర్ట్ చట్టం నుంచి ఇక్కడిదాకా నీ వ్యాసం ఒకే బాటలో నడుస్తుంది.

సవరించిన ప్రతిలో ముందు కెంట్ చట్టం, షెఫీల్డ్ భాగాలు రాసి నాకు పంపు. మిగతావి వాటి కొలతను బట్టి తగ్గించుకుందాం. ఫ్రాంక్లిన్ పేరు మాత్రం ఈ రోజే తీసెయ్.

శుభాకాంక్షలతో,
మీ మాస్టారు