తమ్ముడి బ్యూప్రెనార్ఫిన్ నెలకే మాన్పించాలా?

టాపెంటడాల్ అనే నొప్పి మాత్ర అలవాటు తప్పించడానికి మీ తమ్ముడికి డాక్టరు బ్యూప్రెనార్ఫిన్-నలాక్సోన్ మాత్ర రాశారని, అదీ మత్తే కాబట్టి నెలకే మాన్పించాలని నాన్నగారు పట్టుబడుతున్నారని రాశారు. దయచేసి మాన్పించకండి. కొన్నేళ్లుగా నేనూ అదే మాత్ర వాడుతూ ఏసీలు బిగించే పని చేసుకుంటున్నాను.

నాది నడుము నొప్పికి మొదలైన ట్రమడాల్. పోనుపోను సుఖమన్నదే లేదు. పొద్దున్నే ఆవలింతలు, ముక్కు కారడం, కాళ్ల పీకులు, విరేచనాలు. వాటిని తప్పించుకోవడానికే రోజంతా సరిపోయేది. బ్యూప్రెనార్ఫిన్ కూడా వాటిలాగే ఓపియాయిడే, అంటే నల్లమందు తరహా మందే, ఆ మాటవరకు నాన్నగారిది నిజమే. అయితే అది మెదడులో ఆ మందులు పట్టుకునే చోటే గట్టిగా పట్టుకుని సగం పనే చేస్తుంది, చాలాసేపు ఉంటుంది, ఒక మోతాదు దాటాక దాని ప్రభావం పెద్దగా పెరగదు. డోసు కుదిరాక మాత్ర ధ్యాస లేకుండా మధ్యాహ్నం దాకా పని చేయగలిగాను. అది మత్తులో ఉన్నవాడికి సాధ్యమయ్యే పని కాదు.

అసలు భయపడాల్సింది హఠాత్తుగా మానేశాక. కొన్నాళ్లు దూరంగా ఉంటే ఒంటికి పాత మోతాదును తట్టుకునే శక్తి పోతుంది. కోరిక మాత్రం పోదు. అప్పుడు మునుపటంత వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. డీఅడిక్షన్ సెంటర్‌లో నా పక్క మంచం కుర్రాడు అలాగే పోయాడు. పూర్తిగా నయమైందని ఇంటికి పంపిన కొద్దిరోజులకే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వాడకంలో జాగ్రత్తలున్నాయి. పాత మందు దిగి విత్‌డ్రాయల్ (మందు అందక వచ్చే బాధలు) మొదలయ్యాకే తొలి డోసు వేయాలి, తొందరపడితే బాధ ఒక్కసారిగా ముంచెత్తుతుంది. ఆ సమయం డాక్టరే చూసి చెప్పాలి. మాత్రను మింగకూడదు, నాలుక కింద పూర్తిగా కరగనివ్వాలి. తర్వాత నీళ్లు పుక్కిలించి మింగి, గంట ఆగి పళ్లు తోముకోవాలి, లేకపోతే పళ్లు పాడవుతాయి. మద్యం, నిద్రమాత్రలు దీనితో కలిస్తే ప్రాణాపాయం.

ఎన్నాళ్లంటే కొందరికి నెలలు, చాలామందికి ఏళ్లు. తగ్గించాలనిపిస్తే డాక్టరు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మత్తుమందు సూదితో ఎక్కించుకునేవాళ్లకు నాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) నడిపే ఓఎస్‌టీ, అంటే ప్రత్యామ్నాయ మందు ఇచ్చే చికిత్స, కేంద్రాల్లో ఉచితంగానే ఇస్తారు. దగ్గర్లో చికిత్స ఎక్కడుందో 14446కు ఫోన్ చేస్తే చెబుతారు.

ఈసారి ఓపీకి నాన్నగారినీ తీసుకెళ్లండి. మా నాన్న అనుమానాలు డాక్టరుతో నేరుగా మాట్లాడాకే తీరాయి, నేను ఎంత చెప్పినా తీరలేదు.