మీ వంటింటి ప్రశ్నలు: బీఫ్ డంప్లింగ్ సూప్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే వంట గురించి: మైదా పొరలో ఖీమా కూరి మూసిన డంప్లింగ్స్‌ని ఎముకల సూప్‌లో వేసుకుని తినే వంటకం. నాకు చాలా ఇష్టమైన వంట. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే.

ప్రశ్న: మేడమ్, సూప్ మరుగుతుండగా డంప్లింగ్స్ అందులోనే వేసి ఉడికిస్తున్నాను. అంతసేపు కష్టపడి కాచిన సూప్ పది నిమిషాల్లో మసకబారి జిగురుగా అయిపోతోంది. కొన్ని డంప్లింగ్స్ విచ్చుకుని ఖీమా బయటికి వచ్చేస్తోంది. ఎక్కడ తేడా వస్తోంది?

జవాబు: రెండిటినీ ఒకే గిన్నెలో ఉడికించడమే తేడా. డంప్లింగ్స్ ఒత్తేటప్పుడు పైన చల్లిన పొడిపిండి అంతా సూప్‌లో కలిసిపోతుంది, అంచుల్లోని పిండి కూడా కరుగుతుంది. ఆ పిండి ఉడికితే సూప్ చిక్కబడక తప్పదు. పైగా పచ్చి డంప్లింగ్స్ ఉడుకుతూ ఉడుకుతూ సూప్‌ని పీల్చుకుంటాయి. తినే సమయానికి గిన్నెలో రసం తగ్గిపోతుంది.

నేనైతే ఇవి రెండు వేరు వేరు వంటలనే అనుకుంటాను. సూప్ ఒక పొయ్యి మీద, డంప్లింగ్స్ ఇంకో పొయ్యి మీద మామూలు నీళ్లలో. రెండూ కలిసేది తినే గిన్నెలోనే. పెద్ద గిన్నెలో సగానికి పైగా నీళ్లు పోసి, ఉప్పు వేసి, బాగా మరిగాక ఒక్కో విడతకి పన్నెండు, పదిహేను మాత్రమే వేయండి. వేసిన వెంటనే గరిటె వెనక వైపుతో అడుగు నుంచి మెల్లగా ఒకసారి నెట్టాలి. అడుగున అంటుకుని చిరిగిపోయేది ఆ మొదటి అర నిమిషంలోనే.

అవి పైకి తేలి, నీళ్లు మళ్లీ తెర్లుతున్నప్పుడు ఒక కప్పు చన్నీళ్లు పోయండి. మళ్లీ మరిగాక ఇంకో కప్పు. ఇలా రెండు మూడుసార్లు పోయడం చైనా ఇళ్లలో పాత పద్ధతి. నీళ్లు ఎగిరెగిరి పడకుండా ఉంటాయి కాబట్టి పైన పొర చితికిపోదు, లోపల మాంసం ఉడకడానికి సమయం దొరుకుతుంది. చిల్లుల గరిటెతో తీసి నేరుగా తినే గిన్నెల్లో పెట్టి, పైన వేడి వేడి సూప్ పోయండి. సూప్ అప్పటికి బాగా వేడిగా ఉండాలి, గోరువెచ్చని సూప్ పోస్తే ఇంత పనీ దండగ.

ప్రశ్న: లోపలి ఖీమా గట్టిగా, పొడిపొడిగా, ఒకటే ఉండలా వస్తోంది. హోటల్లో తిన్నప్పుడు కొరకగానే రసం వస్తుంది. వాళ్లేం కలుపుతారు?

జవాబు: నీళ్లు. చాలామంది నమ్మరు గానీ, నిజంగా నీళ్లే.

ముందు మాంసం సంగతి. పూర్తిగా కొవ్వు తీసేసిన ఖీమా తీసుకుంటే ఎవరు చేసినా గట్టిగానే వస్తుంది. ఐదింట ఒక వంతు కొవ్వు ఉండాలి. భుజం వైపు మాంసం ఇందుకు బాగుంటుంది. మరీ మెత్తగా గుజ్జులా కొట్టించకండి.

350 గ్రాముల ఖీమాకి ఒక చెంచా ఉప్పు వేయండి. మిగతావన్నీ తర్వాత. ఉప్పు వేసి చేత్తో రెండు నిమిషాలు గట్టిగా కలిపితే మాంసం రూపం మారడం మీకే కనిపిస్తుంది. విడివిడి ముక్కలుగా ఉన్నది దగ్గరపడి, వేళ్లకి అంటుకుంటూ, చెయ్యి పైకెత్తితే సన్నటి పోగులు సాగుతాయి. ఉప్పు మాంసంలోని ఒక రకం ప్రొటీన్‌ని కరిగించి జిగురుగా చేస్తుంది. ఉడికేటప్పుడు నీటిని పట్టి ఉంచేది ఆ జిగురే.

అప్పుడు చల్లటి ఎముకల సూప్‌గానీ, ఫ్రిజ్‌లోని నీళ్లుగానీ ఒక్కో చెంచా పోస్తూ కలపండి. పోసింది పూర్తిగా ఇంకాకే తర్వాతి చెంచా. ఇంత ఖీమాకి 75 మిల్లీలీటర్ల దాకా పడుతుంది. ఎప్పుడూ ఒకే వైపు తిప్పాలని పెద్దవాళ్లు చెబుతారు. నేనూ అలాగే తిప్పుతాను గానీ, నేను చూసుకునేది దిక్కు కాదు, ఆ జిగురు వచ్చిందా లేదా అన్నదే. ఖీమా, నీళ్లు రెండూ చల్లగా ఉండడం చాలా ముఖ్యం. కొవ్వు చేతివేడికి కరిగిపోతే ఎంత కలిపినా దగ్గరపడదు. మధ్యలో వేడెక్కినట్టు అనిపిస్తే గిన్నెని పావుగంట ఫ్రిజ్‌లో పెట్టేయండి.

ఆ తర్వాత తురిమిన అల్లం, కొద్దిగా వెల్లుల్లి, మిరియాల పొడి, ఒక చెంచా సోయా సాస్, అర చెంచా నువ్వుల నూనె, సన్నగా తరిగిన ఉల్లికాడలు. బీఫ్‌కి అల్లం కాస్త ఎక్కువే పడాలి. ఉల్లికాడలు చివర్లోనే కలపండి, ముందే వేస్తే నలిగి ఘాటు వాసన వస్తుంది.

ఇంకో మాట. డంప్లింగ్స్ చుట్టే ముందు చిటికెడు మిశ్రమాన్ని పెనం మీద వేసి వేయించి రుచి చూడండి. ఉప్పు తక్కువైందో ఎక్కువైందో అక్కడే తెలిసిపోతుంది. పచ్చి మాంసాన్ని మాత్రం నాలిక మీద పెట్టుకోవద్దు.

ప్రశ్న: ఒకచోటేమో ఖీమాలో కలిపే క్యాబేజీలో నీళ్లు పిండేయమంటారు, ఇంకోచోటేమో ఖీమాలో నీళ్లు పోయమంటారు. ఇదేం లెక్క?

జవాబు: మంచి ప్రశ్న. ఖీమాలోకి ఇంకిన నీళ్లు మాంసం పట్టుకుని ఉంటాయి, ఎక్కడికీ పోవు. క్యాబేజీ నీళ్లు అలా కాదు. ఉప్పు తగిలిన కాసేపటికి ఊరి, కింద చేరి, పచ్చి పిండి పొరని నానబెట్టేస్తాయి. అడుగున చిల్లు పడేది అందుకే. 150 గ్రాముల క్యాబేజీని సన్నగా తరిగి, అర చెంచా ఉప్పు రాసి, పావుగంట ఉంచి, గుడ్డలో మూటకట్టి గట్టిగా పిండండి. గుప్పెడే మిగులుతుంది, ఫరవాలేదు. దాన్ని అన్నిటికన్నా చివర, చుట్టబోయే ముందు ఖీమాలో కలపండి. క్యాబేజీలో ఉప్పు ఉంటుంది కాబట్టి ఖీమాలో ఆ మేరకు తగ్గించుకోండి.

ప్రశ్న: పైపొరకి వేడినీళ్లతో పిండి కలపాలా, చన్నీళ్లతోనా? నేను ఒత్తింది ఒత్తినట్టే వెనక్కి ముడుచుకుపోతోంది.

జవాబు: సూప్ కోసమైతే చన్నీళ్లే. వేడినీళ్లు పోస్తే పిండి సగం ఉడికి మెత్తగా, సాగే గుణం తక్కువగా ఉంటుంది. ఆవిరి మీద ఉడికించడానికీ, పెనం మీద కాల్చడానికీ అది బాగుంటుంది. మరిగే నీళ్లలో దొర్లినా చిరగకుండా నిలబడేది చన్నీళ్ల పిండే.

300 గ్రాముల మైదా, 150 మిల్లీలీటర్ల నీళ్లు, చిటికెడు ఉప్పు. మొదట కలిపినప్పుడు గట్టిగా, గరుకుగా ఉంటుంది. కంగారుపడి నీళ్లు పోసేయకండి. మూతపెట్టి పది నిమిషాలు వదిలేసి మళ్లీ పిసికితే అదే నునుపు తేలుతుంది. ఆపైన తడిగుడ్డ కప్పి కనీసం అరగంట నాననివ్వాలి. మీది ముడుచుకుపోవడానికి కారణం ఈ అరగంట తగ్గడమే. పిసికినప్పుడు బిగుసుకున్న పిండి సడలేదాకా అప్పడాల కర్రకి లొంగదు. నానిన పిండిని వేళ్లతో నొక్కితే చెవి తమ్మెలా మెత్తగా ఉండాలి.

దాదాపు 12 గ్రాముల ఉండలు చేసుకుంటే ముప్పై ఆరు దాకా వస్తాయి. ఒక్కొక్కటి అరచేతి వెడల్పున గుండ్రంగా ఒత్తండి. అంచులు పలచగా, నడుమ కాస్త మందంగా ఉండాలి, ఎందుకంటే మూసేటప్పుడు అంచు మీద అంచు పడి రెట్టింపు మందం అవుతుంది. ఎడమచేత్తో బిళ్లని కొంచెం కొంచెంగా తిప్పుతూ, కుడిచేత్తో కర్రని అంచు నుంచి నడుమ దాకా మాత్రమే తెచ్చి వెనక్కి తీసుకుంటే ఆ ఆకారం దానంతటదే వస్తుంది. కొద్ది రోజులు చేస్తే చెయ్యి తిరుగుతుంది.

మూసేటప్పుడు లోపల గాలి మిగలకూడదు. నడుమ ముందు నొక్కి, ఆ తర్వాత రెండు వైపులా అంచులు నొక్కుకుంటూ వెళ్లండి. అంచుకి ఖీమా కొవ్వు అంటితే ఎంత నొక్కినా అతకదు. అందంగా మడతలు పెట్టడం రాలేదని బాధపడేవాళ్లు చాలామంది రాశారు. మడతలు అక్కర్లేదండీ. అర్ధచంద్రాకారంలో గట్టిగా మూసింది చాలు, రుచిలో ఏ తేడా ఉండదు.

ప్రశ్న: దుకాణంలో దొరికే రెడీమేడ్ పొరలు వాడొచ్చా?

జవాబు: వాడొచ్చు. అవి పొడిగా ఉంటాయి కాబట్టి అంచు చుట్టూ తడివేలితో రాసి మూయండి. గుండ్రటివి తీసుకోండి. మరీ పలచని చదరపు పొరల్లో బీఫ్ ఉడికేలోపు పొర నీరుగారిపోతుంది.

ప్రశ్న: నా ఎముకల సూప్ ఎప్పుడూ తేటగా రాదు. పైగా ఒకలాంటి నీచు వాసన. గట్టిగా మరిగిస్తేనే సారం దిగుతుందని మా అత్తగారంటారు.

జవాబు: మీ అత్తగారు చెప్పిన పద్ధతికీ చోటుంది. కొరియాలో సోల్లంగ్‌తాంగ్ అనే ఎద్దు ఎముకల సూప్‌ని కావాలనే గంటల తరబడి మరిగించి పాలలాంటి తెలుపు వచ్చేలా చేస్తారు. గట్టి మరుగులో కొవ్వు చిన్న చిన్న చుక్కలుగా విడిపోయి నీళ్లలో కలిసిపోతుంది, ఆ తెలుపు దానిదే. కానీ మీరు అడిగింది తేట సూప్ కాబట్టి దారి వేరు.

కిలోన్నర ఎముకలు తీసుకోండి, సగం మూలుగ ఉన్నవి, సగం కీళ్ల దగ్గరివి. కీళ్ల ఎముకలు లేకపోతే సూప్‌కి చిక్కదనం రాదు. వీలైతే కాలి పిక్క దగ్గరి కండ ఒక ముక్క కూడా వేయండి, రుచి ఇచ్చేది ఎక్కువగా మాంసమే. ముందు ఎముకలు మునిగేలా చన్నీళ్లు పోసి మరిగించండి. బూడిదరంగు తెట్టు పైకి లేస్తుంది. పది నిమిషాల తర్వాత ఆ నీళ్లన్నీ పారబోసి, ఎముకల్ని కుళాయి కింద రుద్ది కడిగి, గిన్నె కూడా కడిగి, మళ్లీ నాలుగు లీటర్ల చన్నీళ్లతో మొదలుపెట్టండి. నీచు వాసనలో ఎక్కువ భాగం ఆ పారబోసిన నీళ్లతోనే పోతుంది.

ఇక ఆ తర్వాత సన్న సెగ. నీళ్ల మీద అక్కడొకటి ఇక్కడొకటి బుడగ వస్తే చాలు. నాలుగైదు గంటలు. కండ మాత్రం రెండు గంటలకే మెత్తబడుతుంది, తీసి పక్కన పెట్టి, తినేటప్పుడు పలచగా కోసి గిన్నెల్లో వేసుకోండి. మంట మీద నల్లగా కాల్చిన ఉల్లిపాయ, అల్లం ముక్క, పది మిరియాలు, ఒక అనాసపువ్వు చివరి గంటలో వేయండి. మొదటే వేస్తే వాటి సువాసన మనకి మిగలదు. ఉప్పు వడకట్టాకే. సూప్ మరిగి తగ్గుతూ ఉంటుంది, ముందే సరిపెడితే చివరికి ఉప్పగా తేలుతుంది.

కుక్కర్‌లో చేయొచ్చా అని మరో ఇద్దరు అడిగారు. చేయొచ్చు. ప్రెషర్ వచ్చాక బాగా సన్న సెగ మీద గంటన్నర. దించాక ఆవిరి దానంతటదే పోనివ్వండి. విజిల్ ఎత్తి ఆవిరి వదిలేస్తే లోపల ఒక్కసారిగా పొంగి సూప్ కలకబారుతుంది.

ప్రశ్న: ఫ్రిజ్‌లో పెట్టిన సూప్ పొద్దున్నకి గడ్డలా అయింది. పాడైందేమో అని టెన్షన్. పారేయాలా?

జవాబు: అయ్యో, పారేయకండి! మీ సూప్ చక్కగా కుదిరిందని అర్థం. కీళ్లలోని పదార్థం కరిగి జెలటిన్‌గా మారింది, చల్లబడితే గడ్డకడుతుంది, వేడిచేస్తే మళ్లీ సూపే. పైన పేరుకున్న కొవ్వు పెచ్చుని తీసి దాచుకోండి. ఖీమాలో కొవ్వు తక్కువైనప్పుడు అది ఒక చెంచా కలపొచ్చు. ఆ గడ్డనే చిన్న ముక్కలుగా కోసి నీళ్ల బదులు ఖీమాలో కలిపి చూడండి. ఉడికేటప్పుడు లోపలే కరిగి రసమవుతుంది. షాంఘై వైపు షియావ్‌లాంగ్‌బావ్ అనే డంప్లింగ్స్ లోపల సూప్ ఉండేది ఇలాంటి ఉపాయంతోనే.

ఒక్కటి చూసుకోండి. కాచిన సూప్‌ని రెండు గంటలు దాటి బయట ఉంచకూడదు. పెద్ద గిన్నెలో వేడి త్వరగా దిగదు కాబట్టి వెడల్పాటి, లోతు తక్కువ గిన్నెల్లోకి పంచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. వాడేటప్పుడు పూర్తిగా మరిగించండి.

ప్రశ్న: డంప్లింగ్ తేలిందంటే ఉడికినట్టేనా? చిన్నపిల్లలకి పెడుతున్నాను, అందుకే అడుగుతున్నాను.

జవాబు: కాదు. లోపలి గాలి, ఆవిరి వ్యాకోచించడం వల్ల తేలుతుంది, మాంసం ఇంకా పచ్చిగా ఉండొచ్చు. బీఫ్ ముక్క కాస్త పచ్చిగా ఉన్నా తింటారు కదా అనే మాట ఖీమాకి వర్తించదు. ముక్కకైతే సూక్ష్మక్రిములు ఎక్కువగా పైభాగంలోనే ఉంటాయి, ఖీమా కొట్టినప్పుడు అవి మొత్తం కలిసిపోతాయి. ఖీమా నడుమ దాకా 71 డిగ్రీల సెల్సియస్ చేరాలి. థర్మామీటర్ ఉంటే అన్నిటికన్నా పెద్ద డంప్లింగ్‌లో గుచ్చి చూడండి. రంగు చూసి నిర్ణయిస్తే మోసపోవచ్చు. థర్మామీటర్ లేకపోతే, తేలాక నేను చెప్పినట్టు చన్నీళ్లు పోస్తూ మొత్తం ఏడెనిమిది నిమిషాలు ఉడికించి, ఒకటి సగానికి కోసి లోపల పచ్చిదనం లేకుండా, పొగలు వస్తున్నాయో లేదో చూశాకే పిల్లలకి పెట్టండి.

ప్రశ్న: ఒకేసారి ఎక్కువ చేసి ఫ్రీజర్‌లో పెడితే అన్నీ ముద్దలా అతుక్కుపోయాయి.

జవాబు: పిండి చల్లిన ప్లేటులో ఒకదానికొకటి తగలకుండా పరిచి, రాయిలా గట్టిపడ్డాక సంచిలోకి మార్చండి. రెండు నెలల్లోపు వాడితే రుచి బాగుంటుంది. సైబీరియాలో పెల్మెనీ అనే డంప్లింగ్స్ చేసేవాళ్లు చలికాలంలో ఆరుబయట మంచులోనే వాటిని ఇలా గడ్డకట్టించి దాచుకునేవారు.

వండేటప్పుడు కరగనివ్వొద్దు. కరిగితే తడిసి ప్లేటుకి అంటుకుని చిరుగుతాయి. ఫ్రీజర్ నుంచి తీసినవి తీసినట్టే మరిగే నీళ్లలో వేసి, ఇంకో మూడు నిమిషాలు ఎక్కువ ఉడికించండి. సూప్ కూడా విడిగా డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. డబ్బా నిండా పోయకండి, గడ్డకట్టేటప్పుడు పొంగి మూత ఊడుతుంది.