అడవి అంచున ఆతిథ్యం: క్యాంప్‌గ్రౌండ్ హోస్ట్ సేవ గురించి మీ ప్రశ్నలు

మా వారూ నేనూ అమెరికా ప్రభుత్వ భూముల్లోని మారుమూల పార్కుల్లో నాలుగు సీజన్లు క్యాంప్‌గ్రౌండ్ హోస్ట్‌లుగా, అంటే యాత్రికులు గుడారాలు వేసుకునే చోటే ఉంటూ దాన్ని చూసుకునే స్వచ్ఛంద సేవకులుగా పనిచేశామని గత నెల ఈ శీర్షికలో ఒక జవాబు మధ్యలో ప్రస్తావించాను. ఆ ఒక్క వాక్యం చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. ఒకే విషయం అడిగినవాటిని కలిపి, నాలుగు ప్రశ్నలకు ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగ విరమణ చేశాం. అమెరికా పౌరులం. బండి వెనక లాక్కెళ్ళే 26 అడుగుల ట్రైలర్ ఇల్లు ఉంది. పట్నానికి దూరంగా ఉండే ఏదైనా జాతీయ పార్కులో ఒక వేసవంతా హోస్ట్‌లుగా ఉండాలని ఉంది. స్థలం ఉచితంగా ఇస్తారనీ, పని పెద్దగా ఉండదనీ విన్నాం. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: స్థలం ఉచితమన్నది నిజమే. పని పెద్దగా ఉండదన్నది మాత్రం నిజం కాదు. చాలా పార్కులు వారానికి 20 నుంచి 32 గంటల పని అడుగుతాయి, జీతం ఉండదు. పొద్దున్నే సైట్లన్నీ కాలినడకన తిరిగి ఎవరు వెళ్ళారో, ఎవరు మిగిలారో రాసుకోవడం, ఆ రోజు రిజర్వేషన్ చీటీలు మార్చడం, ఖాళీ అయిన సైట్లలో గాజుపెంకులూ సీసా మూతలూ ఏరడం, మరుగుదొడ్లు శుభ్రం చేయడం, చలిమంట వేసుకునే ఫైర్ రింగుల్లోని బూడిద ఎత్తడం రోజువారీ పనులు. బూడిద ఎత్తడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, నివురుగప్పిన నిప్పు అని మన పెద్దలు ఊరికే అనలేదు. పైకి తెల్లగా చల్లారినట్టున్న పొయ్యి కింద మర్నాడు మధ్యాహ్నం దాకా నిప్పు బతికి ఉండడం నేను చాలాసార్లు చూశాను. నీళ్ళు పోసి, పారతో కలిపి, మళ్ళీ నీళ్ళు పోసి, చేతి వెనకభాగాన్ని తగలకుండా దగ్గరగా పెట్టి వెచ్చదనం లేదని తెలిసిన తర్వాతే ఇనుప బకెట్‌లోకి ఎత్తాలి.

మరుగుదొడ్ల గురించి కూడా వివరంగా చెప్పాలి, ఎందుకంటే హోస్ట్‌గా పేరు ఇచ్చి మొదటి వారంలోనే వెనుదిరిగినవారిలో నాకు తెలిసిన ఇద్దరు ఈ పని చూసే వెళ్ళిపోయారు. మారుమూల పార్కుల్లో నీటి వసతి లేని వాల్ట్ టాయిలెట్లే ఎక్కువ. భూమిలో కాంక్రీటు తొట్టి, దానిమీద చిన్న గది, తొట్టి నుంచి కప్పు దాటి పైకి లేచే నల్లని గొట్టం, అంతే దాని నిర్మాణం. ఎండకు గొట్టం వేడెక్కితే అందులోని గాలి పైకి పోతుంది, ఆ లాగుడుకు గదిలోని గాలి కిందకు దిగి తొట్టి మీదుగా బయటికి వెళ్తుంది కాబట్టి గదిలో వాసన నిలవదు. ఎవరైనా తలుపు బార్లా తెరిచి పెడితే ఈ గాలి దారి తప్పుతుంది, పది నిమిషాల్లో ఆ తేడా ముక్కుకు తెలుస్తుంది. సీసాలూ డైపర్లూ తొట్టిలో వేస్తే, ఖాళీ చేయడానికి వచ్చిన ట్యాంకర్ గొట్టం మూసుకుపోతుంది, అప్పుడు ఎవరో ఒకరు పొడవాటి కొక్కెం పెట్టి వాటిని పైకి లాగాలి. ఈ పనిని మనసులో చులకన చేయకుండా చేయగలమని మీ ఇద్దరికీ అనిపిస్తేనే దరఖాస్తు పెట్టండి.

జాతీయ పార్కుల్లో స్వచ్ఛంద సేవకు 1970లోనూ, జాతీయ అడవుల్లో 1972లోనూ చట్టాలు వచ్చాయి. ఈ రెండు శాఖలతో పాటు ఇతర ప్రభుత్వ భూముల ఖాళీలు కూడా వాలంటీర్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. కొండ ప్రాంతాల పార్కులకు వేసవిలో హోస్ట్‌లు కావాలి, ఆ స్థానాలు అంతకు ముందరి చలికాలంలోనే నిండిపోతాయి. ఎడారి పార్కులకు ఇది తిరగబడుతుంది. మీ రాష్ట్రంలోనే ఉన్న బిగ్ బెండ్ పార్కులో రియో గ్రాండె నది ఒడ్డున వేసవి ఎండ 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది కనుక జనం చలికాలంలో వస్తారు, హోస్ట్‌ల అవసరం కూడా అప్పుడే ఎక్కువ. మీకు వేసవే కావాలంటే ఎత్తయిన చోట్లు చూసుకోవాలి, కానీ అక్కడ ట్రైలర్ పొడవు అడ్డు రావచ్చు. నెవాడాలోని గ్రేట్ బేసిన్ పార్కులో సుమారు 9,900 అడుగుల ఎత్తున ఉన్న వీలర్ పీక్ క్యాంప్‌గ్రౌండ్‌కు వెళ్ళే ఘాట్ రోడ్డు మీద 24 అడుగులు మించిన వాహనాలకూ ట్రైలర్లకూ అనుమతి లేదు, అంటే మీ ట్రైలర్ అక్కడికి ఎక్కదు. అందుకే ఫొటోల కన్నా ముందు రోడ్డు నిబంధనలు చదవండి.

"వైల్డర్నెస్" అనే మాటను కూడా సరిగా అర్థం చేసుకోవాలి. 1964 నాటి చట్టం కింద వైల్డర్నెస్‌గా ప్రకటించిన నేలలో రోడ్లూ, మోటారు వాహనాలూ, శాశ్వత కట్టడాలూ కూడవు. అక్కడ దారికి అడ్డంగా పడిన చెట్టును సాధారణంగా మోటారు రంపంతో కాకుండా, ఇద్దరు చెరొక పిడి పట్టి లాగే పాతకాలపు రంపంతో కోస్తారు. ట్రైలర్ చేరగల క్యాంప్‌గ్రౌండ్ కచ్చితంగా ఆ హద్దుకు ఇవతలే ఉంటుంది. హోస్ట్ ఉండేది ఆ గడప దగ్గర. లోపలికి నడిచి వెళ్ళేవారు చివరగా మాట్లాడే మనిషీ, తిరిగి వచ్చినప్పుడు మొదట చూసే మనిషీ చాలాసార్లు హోస్టే కాబట్టి, ఎవరు ఏ దారిన వెళ్ళారో, ఎప్పటికి వస్తామన్నారో గుర్తు పెట్టుకోవడం కాగితం మీద లేని ముఖ్యమైన పని.

ఒప్పుకునే ముందు, మీ పని చూసే అధికారితో ఫోన్‌లో తీరిగ్గా మాట్లాడండి. సైట్‌లో నీరు, కరెంటు, మురుగు గొట్టం మూడూ ఉన్నాయా, లేక నీళ్ళు మోసుకు రావాలా? పార్కు వారితో మాట్లాడే రేడియో సంకేతం ట్రైలర్ దగ్గరే అందుతుందా, గుట్ట ఎక్కితే గానీ అందదా? ఆసుపత్రి, పెట్రోలు, సరుకులు ఎన్ని మైళ్ళ దూరంలో ఉన్నాయి? చెప్పిన గంటలు ఇద్దరికీ కలిపా, ఒక్కొక్కరికా? ఈ చివరి ప్రశ్న అడగక మొదటి సీజన్‌లో మేము చాలా ఇబ్బంది పడ్డాం. సేవా ఒప్పందంలో రాసిన పనులు చేస్తూ గాయపడితే సాధారణంగా ప్రభుత్వ పరిహారం వర్తిస్తుంది, అందులో లేని పని ఉత్సాహం కొద్దీ మీద వేసుకుంటే ఆ రక్షణ ఉంటుందని అనుకోవద్దు. అన్నట్టు, మొత్తం 250 గంటల సేవ పూర్తయితే సమాఖ్య ప్రభుత్వ పార్కుల్లో ఏడాది పాటు చెల్లే ప్రవేశ పాస్ అందుకోవచ్చు.

ప్రశ్న: మా తల్లిదండ్రులు విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వస్తున్నారు. వాళ్ళు హోస్ట్‌లుగా చేరవచ్చా?
– ఒక పాఠకుడు, న్యూ జెర్సీ

జవాబు: వద్దని నా సలహా. జీతం లేకపోయినా, పనికి బదులుగా ఉండేచోటు ఇస్తున్నారు కాబట్టి దీన్ని ఉచిత సేవగానే చూస్తారన్న నమ్మకం లేదు. ఆ పొరపాటు తర్వాతి ప్రయాణాల మీద పడుతుంది. విదేశీయుల కోసం జాతీయ పార్కుల శాఖకు అంతర్జాతీయ వాలంటీర్ల పథకం వేరుగా ఉంది, దానికి జె-1 అనే ఎక్స్ఛేంజ్ విజిటర్ల వీసా మార్గం ఉంది. ఎవరో చేశారని విని ముందుకు వెళ్ళకండి. పార్కు వాలంటీర్ సమన్వయకర్త నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకుని, దాన్ని వలస వ్యవహారాల న్యాయవాదికి చూపించండి. ఈలోగా మీ అమ్మా నాన్నలను ఒక వారం క్యాంపింగ్‌కు తీసుకువెళ్ళండి.

ప్రశ్న: నేను హోస్ట్‌గా చేరి నెల అయింది. మాది ఎలుగుబంట్లు తిరిగే చోటు. తిండి చల్లగా ఉంచే కూలర్ పెట్టెలను బల్ల మీద వదిలి జనం నడకకు వెళ్ళిపోతున్నారు. చెబితే కొందరు "నువ్వెవరు చెప్పడానికి" అంటున్నారు. పార్కు అధికారి అయిన రేంజర్ ఉండేది 30 మైళ్ళ దూరంలో. నేను ఏం చేయగలను?
– ఒక పాఠకుడు, మోంటానా

జవాబు: ఈ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచనలో పడ్డాను, ఎందుకంటే దీని వెనుక ఉన్న భయం నాకు తెలుసు. మా రెండో సీజన్‌లో ఒక కుటుంబం కూలర్ బల్ల మీదే ఉంచి వాగు దగ్గరకు వెళ్ళింది, ఇరవై నిమిషాలు కూడా కాలేదు. ఏడాది దాటిన పిల్ల నల్ల ఎలుగు ఒకటి వచ్చి, మూతను పంటితో లేపి, లోపల ఉన్నదంతా తిని, ప్లాస్టిక్ సంచిని కూడా నాకి వెళ్ళింది. మర్నాడు అదే వేళకు అదే బల్ల దగ్గరకు వచ్చింది. మూడో రోజు పక్క సైట్‌లో గుడారం గుడ్డ చీల్చింది. రుచి మరిగిన ఎలుగు మనిషికి భయపడడం మానేస్తుంది, తిండి కోసం ఇంకా దగ్గరకు వస్తుంది. ఆ సైట్లలో గుడారాలు నిషేధించారు, శబ్దాలతో తరిమారు, ఏదీ పనిచేయలేదు. సీజన్ ముగిసేలోపు దాన్ని చంపవలసి వచ్చింది. ఆ కుటుంబానికి ఆ సంగతి తెలియనే తెలియదు, అప్పటికి వాళ్ళు ఇంటికి వెళ్ళి నెల దాటింది.

కాబట్టి మీరు చెప్పడం మానకూడదు, అయితే చెప్పే పద్ధతి మార్చాలి. హోస్ట్‌కు జరిమానా వేసే అధికారం లేదు, ఉన్నట్టు మాట్లాడితే ఎదుటివారికి మొదట కనిపించేది ఆ లోటే. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ ఆచార్యుడు జార్జ్ వాలెస్ రేంజర్లకు బోధించిన పద్ధతి ఒకటి ఉంది: మన హోదా పేరు చెప్పకుండా, ఆ చోటు అవసరాన్నే మాట్లాడనివ్వడం. "కూలర్ బయట పెట్టకూడదు, అది రూలు" అన్నప్పుడు వాదన మొదలవుతుంది. "నిన్న సాయంత్రం ఈ వాగు గట్టున ఒక ఎలుగు తిరిగింది. ఇక్కడ దానికి ఒక్కసారి తిండి దొరికితే రేపు మళ్ళీ వస్తుంది, తర్వాత దాని ప్రాణం కాపాడడం ఎవరి చేతిలోనూ ఉండదు. ఎలుగు తెరవలేని ఇనుప లాకర్ ఇక్కడే ఉంది, ఒక చెయ్యి వేయమంటారా?" అని అడిగి చూడండి. కూలర్ రెండో పిడి మీరు పట్టుకుంటే చాలామంది మొదటి పిడి పట్టుకుంటారు. పక్కకు తిరిగి నిలబడి, ఎలుగు వచ్చిన వైపు చూపిస్తూ మాట్లాడితే, ఇద్దరూ కలిసి ఒకే విషయాన్ని చూస్తున్నట్టు ఉంటుంది. ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడితే ఆ వాతావరణం రాదు.

యాత్రికులు రాగానే, వాళ్ళు ఇంకా సామాను దించుతుండగానే వెళ్ళి లాకర్ గొళ్ళెం తీసే తీరు మీ చేత్తో చూపించండి. తిండి ఒక్కటే కాదు, టూత్‌పేస్టు, సబ్బు, వంటగిన్నెలు, కుక్క తినే గిన్నె కూడా లోపలికే వెళ్ళాలని అప్పుడే చెప్పాలి. కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కులో 1998 ఒక్క ఏడాదిలోనే ఎలుగుబంట్ల ఘటనలు 1,500 దాటాయి, ఆ తర్వాత లాకర్లూ, నిబంధనలూ, మనుషులు తిరిగి చెప్పడమూ కలిసి వాటిని బాగా తగ్గించాయి. అక్కడి ఎలుగుబంట్లు మారలేదు, తిండి దాచే తీరు మారింది.

ఇంత చెప్పినా వినని వారితో వాదన పెంచకండి. సైట్ నంబరు, వాహనం నంబరు, సమయం, మీరు చూసినది రాసుకుని రేడియోలో రేంజర్‌కు చెప్పండి. 30 మైళ్ళ నుంచి ఆయన ఈ రోజు రాలేకపోయినా ఆ నమోదు ఉపయోగపడుతుంది. తాగి ఉన్నవారి దగ్గరకూ, ఆయుధం కనిపించిన చోటికీ ఒంటరిగా వెళ్ళవద్దు. ఎలుగు వచ్చే ఉంటే మీరు దాన్ని తరమబోకండి. ఎలుగుబంట్లకూ తోడేళ్ళకూ 100 గజాల దూరం అనే నిబంధన హోస్ట్‌కు కూడా వర్తిస్తుంది.

ప్రశ్న: వచ్చే వారం సీజన్ మొదలు. మాకు ఇచ్చిన సామాను గది ఆరు నెలలుగా మూసి ఉంది, నేలంతా ఎలుక పెంటికలు. ఊడ్చేయవచ్చా? రెండో మాట: మా ఆయనకు ఈ ఒంటరితనం పడుతుందా అని నాకు బెంగగా ఉంది. మధ్యలో వచ్చేస్తే తప్పా?
– ఒక పాఠకురాలు, ఆరిజోనా

జవాబు: చీపురు ముట్టుకోవద్దు. డీర్ మౌస్ అనే చిన్న ఎలుక పెంటికల్లోనూ మూత్రంలోనూ ఊపిరితిత్తులను దెబ్బతీసే హంటావైరస్ ఉండవచ్చు, ఎండిన పెంటికలను ఊడ్చినప్పుడు లేచే దుమ్ము పీల్చడం వల్లే ఎక్కువగా సోకుతుంది. 2012లో యోసెమిటీలో 10 మందికి ఈ జబ్బు వచ్చి ముగ్గురు చనిపోయారు. ముందు తలుపులూ కిటికీలూ తెరిచి, అరగంట బయట ఉండండి. తర్వాత రబ్బరు తొడుగులు వేసుకుని, ఒక వంతు బ్లీచ్‌కు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి పెంటికలు నానేలా చల్లి, ఐదు నిమిషాలు ఆగి, కాగితపు తువ్వాళ్ళతో ఎత్తి సంచిలో మూతి కట్టండి. తర్వాతి ఎనిమిది వారాల్లో జ్వరం, తొడల్లోనూ నడుములోనూ కండరాల నొప్పులు వస్తే వెంటనే వైద్యుడి దగ్గరకు వెళ్ళి, ఎలుకలున్న గది శుభ్రం చేశామని మీరే ముందుగా చెప్పండి.

ఇక మీ వారి సంగతి. ఫోన్ మోగని చోట మొదటి పది రోజులు హాయిగానే ఉంటాయి, మూడో వారంలో అసలు పరీక్ష మొదలవుతుంది. మా వారు ఆ వారంలో మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. తర్వాత తెలిసింది, ఆయనకు కావలసింది మనుషులు కాదు, తనదంటూ ఒక పని. నీటి పంపుల మరమ్మతు ఆయనకు అప్పగించమని రేంజర్‌ను అడిగాను, ఆ సాయంత్రం నుంచి ఆయన మళ్ళీ కబుర్లు చెప్పడం మొదలుపెట్టారు. సెలవు రోజున తప్పకుండా క్యాంప్‌గ్రౌండ్ వదిలి వెళ్ళండి, లేకపోతే సెలవు రోజు కూడా తలుపు తట్టేవారితోనే గడిచిపోతుంది. ఫోన్ సిగ్నల్ లేని చోట కూడా సందేశం పంపే శాటిలైట్ మెసెంజర్ ఒకటి కొనుక్కుని పిల్లలకు రోజూ ఒక్క ముక్క పంపించండి.

ఇంత చేసినా ఆయనకు పడకపోతే రావడంలో తప్పేమీ లేదు. సేవా ఒప్పందాన్ని మీరైనా పార్కైనా ఎప్పుడైనా ముగించవచ్చు. కాకపోతే చెప్పకుండా తాళాలు వదిలి రాకండి. రెండు వారాల ముందు చెబితే పార్కు మరొకరిని పిలుచుకోగలదు. మీ రేడియోనూ తాళాలనూ చేతికి అందించి, ఏ సైట్‌లో పంపు కారుతోందో, ఏ లాకర్ గొళ్ళెం బిగుసుకుపోయిందో రాసిన కాగితం ఒకటి తర్వాత వచ్చేవారి కోసం ఉంచి రండి.