హెల్మెట్‌లో మాటలూ పాటలూ: ఏ హెడ్‌సెట్ కొనాలి?

ప్రశ్న: మాది రాజోలు. నేనూ మా ఆవిడా తరచుగా బండి మీద చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా భీమవరం వెళ్తుంటాం. వెనక నుంచి ఆవిడ చెప్పేది ఒక్క ముక్కా వినపడదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే హెల్మెట్ తీసేటప్పుడు ఊడిపోతున్నాయి. మాట్లాడుకోవాలి, పాటలూ వినాలి. షాపులో మెష్ ఉన్నదే తీసుకోమన్నారు, ధర చూస్తే టెన్షన్ వచ్చింది. ఏది కొనమంటారు?

జవాబు: మెష్ మీకు అక్కర్లేదండి. అది చాలా హెడ్‌సెట్లని వలలా ఒకదానితో ఒకటి కలిపే పద్ధతి, నాలుగైదు బళ్ల మీద కలిసి మారేడుమిల్లి వెళ్లేవాళ్లకి: ఒకరు వెనకబడి మళ్లీ దగ్గరకొస్తే దానంతటదే కలుస్తుంది. మీ ఇద్దరి మధ్య మూరెడు దూరం కూడా లేదు, మామూలు బ్లూటూత్ ఇంటర్‌కామ్ చాలు. దానికి ఫోన్ సిగ్నల్‌తో పని లేదు. ఒకే కంపెనీవి రెండూ జతగా తీసుకోండి, వేర్వేరు కంపెనీలవి కలపడం తలనొప్పి.

మాట కోసం కొనండి, పాట తర్వాత. మాట బాగుండాలంటే మైకు మీ హెల్మెట్‌కి తగ్గదై ఉండాలి. ఫుల్‌ఫేస్ అయితే గడ్డం దగ్గర లోపల అంటించే చిన్న వైరు మైకు, ముఖం తెరిచి ఉండేదైతే నోటి ముందుకు వంచుకునే కాడ మైకు. ఆవిడ హెల్మెట్ వేరే రకమైతే ఆవిడకి వేరే మైకు కావాలి, చాలామంది ఇది చూసుకోరు. ఇక స్పీకరు సరిగ్గా చెవి రంధ్రానికి ఎదురుగా కూర్చోవాలి, వేలెడు పక్కకి జరిగినా సౌండు సగం పోతుంది, జనం సెట్టు బాగోలేదనుకుంటారు. చెవి దగ్గర గుంట లేకపోతే గుంట ఉన్న ఐఎస్ఐ హెల్మెట్ కొనండి గానీ లోపలి థర్మోకోల్‌ని మాత్రం చెక్కకండి, పడ్డప్పుడు దెబ్బని తీసుకునేది అదే.

ఆవిడ మాట్లాడగానే పాట తనంతట తగ్గుతుందా, ఆగిపోతుందా అని అడగండి, తగ్గేదే హాయి. కాలవ గట్టు రోడ్ల మీద వెనక లారీ హారన్ వినపడనంత సౌండు పెట్టకండి, దయచేసి. 85 డెసిబెల్స్ మోత 8 గంటలు దాటితే చెవికి చేటు అంటారు, గాలి హోరు మీద పాట పెంచుకుంటూ పోతే అది ఇంకా తొందరగా వస్తుంది. ఫోన్ కాల్ వస్తే బండి పక్కకి ఆపి మాట్లాడండి.

మన వానలకి ఐపీ67 (దుమ్మూ నీళ్లూ లోపలికి పోవని చెప్పే గుర్తు) అని రాసి ఉన్నది మేలు, చార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత మూసి ఉంటేనే అది పనిచేస్తుంది. షాపుకి రెండు హెల్మెట్లూ తీసుకెళ్లి, బిగించి, ఆవిడని వెనక కూర్చోబెట్టుకుని ఒక రౌండు తిరిగొచ్చాకే డబ్బులు కట్టండి.