బాప్తిస్మం తీసుకున్నాక కూడా అదే పాపంలో మళ్లీ మళ్లీ పడుతుంటే దేవుడు వదిలేసినట్టేనా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండు మూడు సార్లు చదివినా. ఏడ్చి ఒప్పుకుంటా, వారం పది రోజులకు మళ్లీ అదే పని చేస్తా, ఇప్పుడు ప్రార్థనకు కూర్చోవాలంటేనే సిగ్గుగా ఉంది, నాది అసలు మారుమనస్సేనా అని రాసినావు. నీ పాపమేందో నువ్వు చెప్పలేదు, నేను అడగను గానీ నాదేందో చెప్తా.

నాది మట్కా, అంటే నంబరు మీద డబ్బులు కట్టే జూదం. తాడిపత్రిలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పని నాకు, శనివారం కూలి చేతికొస్తుంది, ఇంటికొచ్చే దారిలో టీ బంకు దగ్గర బీటర్, అంటే పందేలు రాసుకునేటోడు, చీటీలు రాస్తా కూర్చోని ఉంటాడు. నంబరు తగిలితే రూపాయికి ఎనభై. తగిలినోని కథ ఊరంతా తిరుగుతుంది, పోగొట్టుకున్నోని కథ వాని ఇంట్లో కూడా తెలీదు. అట్ల పదకొండేండ్లు కట్టినా.

మాదేమో తాతల కాలం నుంచి క్రైస్తవ కుటుంబం, లండన్ మిషన్ దొరల కాలంలో, అంటే 1947లో సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) కాకముందే నమ్మినోళ్లు. సండే స్కూల్లో కంఠత వాక్యాలకు ప్రైజులు తెచ్చుకున్నోన్ని నేను. అదే నా గొంతుకు అడ్డం పడింది, ఇంత వాక్యం తెలిసినోడు పోయి ఎవరికి చెప్పుకుంటాడు?

ప్రతి డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో మోకాళ్ల మీద పడి ఏడ్చేటోన్ని, సంక్రాంతి లోపలే మళ్లీ చీటీ. ఒక ఏడాది వాగ్దానం కార్డు (బైబిలు వాక్యం రాసిన చీటీ) తీస్తే యెషయా 43:2 వచ్చింది, నువ్వు నీళ్లలో దాటేటప్పుడు నేను నీకు తోడుంటా అని దేవుడు చెప్పే మాట. ఆ పొద్దు సాయంత్రం పోయి 43 కట్టినా తమ్ముడూ. తగల్లేదు. తగిలుంటే ఇంకా పాడైపోయేటోన్నేమో, సాక్ష్యం కూడా చెప్పేటోన్ని సంఘంలో!

ఆ ఏడుపులు ఉత్త నటన కాదు, కండ్లలో నీళ్లు నిజంగానే వచ్చేవి. కానీ లోపల బేరం నడుస్తాండె. ఈ ఒక్కసారి తగిలితే అప్పు తీర్చి మానేస్తా ప్రభువా, దశమభాగం కూడా ఇస్తా అని, అంటే దేవుని దగ్గర కూడా నంబరు కడతాండ అన్నమాట. మత్తయి 27లో చూడు, యేసును డబ్బుకు పట్టించిన యూదా కూడా పశ్చాత్తాపపడినాడనే రాసుంది, ముప్పై వెండి నాణేలు తిరిగి తెచ్చి ఇచ్చినాడు, నేను అంత కూడా చేయలేదు. కానీ వాడు పోయింది యాజకుల దగ్గరికి, వాళ్లు మాకేంటికి అని తోసేసినారు. శిష్యుడు పేతురు కూడా అదే రాత్రి యేసు ఎవరో నాకు తెలీదని బొంకి ఏడ్చినాడు, ఆయన మాత్రం చివరికి యేసు ఎదుటే నిలబడినాడు. ఎవరు ఎక్కువ ఏడ్చినారు అని కాదు, ఆ ఏడుపు తీసుకోని యాడికి పోయినారు అనేది చూడాల.

నేనేమో ఎదురు దిక్కుకే పోతాంటి. మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన, చీటీ కట్టిన వారమైతే బల్లకు ముందే మెల్లగా లేచి చెప్పులేసుకునేటోన్ని. మా పాస్టరు అయ్యగారు అది గమనించినాడు. ఒక పొద్దు ఫ్యాక్టరీ కాడికే వచ్చినాడు. వాక్యం ఎత్తుతాడనుకున్నా, ఎత్తలేదు, అప్పెంత అని అడిగినాడు. లక్షా నలభై వేలు అంటి. మీ ఇంటామెకు తెల్సా అన్నాడు. తెలీదు. అయితే ఈ రాత్రికే చెప్పు, నేనొచ్చి కూర్చుంటా అన్నాడు.

వచ్చి కూర్చున్నాడు కూడా. ఆ అరగంట నేను రాయలేను. మా ఇంటామె మూడు దినాలు మాట్లాడలేదు, కానీ రోజూ సంగటి పళ్లెం నా ముందర పెట్టింది, ఆ పళ్లెం చూస్తే నాకు తినబుద్ధి అయ్యేది కాదు, తినకపోతే ఇంకా తప్పయితాదేమోనని తినేటోన్ని. కృప అనే మాట చిన్నప్పటి నుంచి వేలసార్లు విన్నా, దాని బరువు ఆ మూడు దినాల్లో తెలిసింది. ఆ వారంలోనే సుంకరి, అంటే పన్నులు వసూలు చేసే జక్కయ్య కథ మళ్లీ చదివినా, లూకా 19. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తా అని వాడు అన్నది ఎప్పుడు? యేసు ఈ పొద్దు నీ ఇంట్లో ఉంటా అన్నాక! లెక్క తేల్చుకోని రా అప్పుడొస్తా అని ఆయన అనలేదు. నేను అన్నేండ్లూ లెక్క తేలినాకే పోదామని బల్ల ముందర నుంచి పారిపోతాంటి.

దాంతో నయమైపోయిందా అంటే లేదు. అయిదు నెలలకు మళ్లీ రెండు వందలు కట్టినా. కానీ ఆ రాత్రే ఇంట్లో చెప్పేసినా, వచ్చిన ఆదివారం లేచి పోలేదు, బల్లలో చెయ్యి పెట్టినా. తిట్లు పడినాయి, అది వేరే సంగతి. కృప ఉంది కదా అని తెగించమని చెప్పడంలేదు, పౌలు రోమా 6 మొదట్లోనే ఆ మాటకు నోరు మూయించినాడు. అదే అధ్యాయం 14వ వచనంలో మీరు కృపకు లోనైనోళ్లు గనుకనే పాపం మీమీద ప్రభుత్వం చేయదు అంటాడు. మళ్లీ 7వ అధ్యాయంలో చేయగోరని కీడే చేస్తాండానని మొత్తుకుంటాడు. అట్ల ఏడ్చేటోన్ని దేవుడు వదిలేసినాడని నేనైతే నమ్మను.

నువ్వు చేయాల్సింది నా తెలివికి తోచినంత చెప్తా. మళ్లీ ఒట్టు పెట్టొద్దు, నోరు జారని మనిషిని ఒకర్ని చూసుకోని చెప్పు, యాకోబు 5:16 చెప్పేది అదే. పడే దారి మార్చుకో, నేను టీ బంకు వైపు పోకుండా రైల్వే గేటు దిక్కు తిరిగి వస్తాండ. తాగుడో మాత్రలో అయితే డాక్టరు దగ్గరికి కూడా పో, ప్రార్థన చేస్తాండాం కదా అని మందులు వద్దనొద్దు. నీ పాపం వల్ల ఇంకొకరికి దెబ్బ తగుల్తాంటే మాత్రం ముందు అది ఆపి, వాళ్లది వాళ్లకు తిరిగివ్వు.

నాది ఇంకా నలభై వేలు బాకీ ఉంది, నెలకు మూడు వేలు కడతాండ. ఇప్పటికీ లారీ నంబరు కనబడితే చివరి రెండంకెలు నోట్లో ఆడతాయి. కాకపోతే జేబులో ఏముండాది, శనివారం కూలి మొత్తం మా ఇంటామె చేతికే, టీకి రెండు వందలు ఇచ్చి మళ్లీ లెక్క అడుగుతాది.