‘అయిష్టం’ అని రాసుకుంటే చాలదమ్మా

తిరుపతి

చిరంజీవి మనవరాలికి తాత ఆశీస్సులు.

రోజుకు 20 ఇంగ్లీషు మాటలు బట్టీ పడుతున్నానని రాశావు. ఆ లెక్క నాకు నచ్చలేదమ్మా. రోజుకు 3 చాలు, కానీ ఆ మూడూ నీ నోట్లో ఆడాలి. నీ నోటుబుక్కులో ‘రిలక్టెంట్ - అయిష్టం’ అని ఉందన్నావు కదా, దాన్నే పట్టుకుని చూద్దాం.

తప్పు అక్కడే మొదలవుతుంది. అయిష్టం అనగానే ‘కాకరకాయంటే అయిష్టం’ గుర్తొచ్చి, ‘ఐ యామ్ రిలక్టెంట్ టు బిట్టర్ గార్డ్’ అని రాసేస్తావు. ఈ మాట వస్తువుతో కలవదు, చేసే పనితో కలుస్తుంది. ‘రిలక్టెంట్ టు ఈట్ బిట్టర్ గార్డ్’ అనాలి. ‘టు’ తర్వాత ఈట్, గో, సెల్ లాంటి మూలరూపమే రావాలి. ‘రిలక్టెంట్ ఫర్ గోయింగ్’, ‘రిలక్టెంట్ టు గోయింగ్’ రెండూ తప్పే. తెలుగులో దీనికి దగ్గరి మాట ‘మనసొప్పకపోవడం’. ‘అమ్మడానికి మనసొప్పలేదు’ అంటాం, అందులోనూ ఒక పని ఉంది చూడు. అయిష్టం కొట్టేసి ఇది రాసుకో.

దామలచెరువు మామిడి మండీకి ఒక రైతు ట్రాక్టరు నిండా తోతాపురి కాయలు తెచ్చాడనుకో. వ్యాపారి చెప్పిన ధర గిట్టదు. వెనక్కి తీసుకుపోతే కాయ మెత్తబడుతుంది, బాడుగ మీద పడుతుంది. భుజం మీది తువ్వాలు తీసి మళ్ళీ వేసుకుంటాడు, లోడు వైపు ఒకసారి చూస్తాడు, చివరికి ‘సరే, తూకం వెయ్యి’ అంటాడు. ఆ ‘సరే’ ఉందే, అదీ ‘రిలక్టెంట్లీ’ అంటే. ‘హి రిలక్టెంట్లీ అగ్రీడ్.’ ససేమిరా అని ట్రాక్టరు తిప్పుకుని పోయుంటే ‘రెఫ్యూజ్డ్’ అనాలి. ఈ మాటకు లాటిన్ మూలంలో ఎదురు పెనుగులాడటం అని అర్థం. పెనుగులాట లోపల జరుగుతుంది, పని మాత్రం చాలాసార్లు జరిగిపోతుంది.

‘హెజిటెంట్’ దీనికి చుట్టమే గానీ ఒకటి కాదు. అలిపిరి దగ్గర నిలబడి, 3,550 మెట్లు ఎక్కగలనా, బస్సెక్కనా అని తేల్చుకోలేకపోతే హెజిటెంట్. ఎక్కగలనని తెలిసీ ఎక్కబుద్ధి కాకపోతే రిలక్టెంట్.

తెలుగులో ‘టెంట్’ అని రాస్తాం కాబట్టి స్పెల్లింగులో చివర ఈ-ఎన్-టి పెట్టేస్తారు. అది ఏ-ఎన్-టి. ‘రిలక్టెన్స్’లోనూ అంతే, ఏ-ఎన్-సి-ఈ. పలికేటప్పుడు ‘లక్’ను ఒత్తి పలకాలి.

ఇక ఏ మాటకైనా అర పేజీ ఉంచు. పైన మాట, దాని రూపాలు. కింద మీ ఇంట్లో, కాలేజీలో నిజంగా జరిగిన సంగతులతో మూడు వాక్యాలు, ఎడమ పక్క తెలుగులో, కుడి పక్క ఇంగ్లీషులో. నిఘంటువులోని వాక్యం ఎత్తి రాయొద్దు, అది నీది కాదు గనుక నిలవదు. మర్నాడు, మూడో రోజు, వారానికి, మళ్ళీ మూడు వారాలకు కుడి పక్క చేత్తో మూసి, తెలుగు చూసి ఇంగ్లీషు పైకి చెప్పు. నువ్వు ఇప్పుడు చేస్తున్నది దీనికి తిరగేసి, ఇంగ్లీషు చూసి తెలుగు చెప్పడం. చూసిన మాటను గుర్తుపట్టడం వేరు, కావలసినప్పుడు మాట గుర్తుకు రావడం వేరు. రాయడానికి కూర్చున్నప్పుడు అక్కరకొచ్చేది రెండోదే. ఎక్కడ తడబడితే ఆ మాటను మళ్ళీ మొదటి రోజు వరసలో పెట్టు.

వచ్చే ఆదివారంలోగా రిలక్టెంట్, రిలక్టెంట్లీ, రిలక్టెన్స్ మూడింటికీ తలా ఒక వాక్యం రాసి పంపు. ఎర్ర సిరాతో దిద్ది పంపుతాను.

ఇట్లు,
మీ తాత