ముందు గుంతలోకి దిగు

తమ్ముడూ,

టెలిఫోన్ కార్మిక సంఘం చరిత్ర అంటూ నువ్వు పంపిన మొదటి అధ్యాయం చదివాను. నిండా అధ్యక్షులు, కార్యదర్శులు, మహాసభలు, తీర్మానాలు. ఫోను బాగుచేసే మనిషి మాత్రం ఒక్కడూ తగల్లేదు. నా మొదటి పుస్తకమూ అంతే. రిటైరైన లైన్‌మన్ ఒకాయన తిరగేసి, "ఇందులో నిచ్చెన ఎక్కడా లేదేం సార్?" అన్నాడు. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వానాకాలపు కేబుల్ గుంతతో మొదలుపెట్టు. పాతకాలపు కేబుల్‌కు పైన సీసం తొడుగు, లోపల ఒక్కో రాగితీగకూ కాగితం చుట్టి ఉండేది. జాయింటులోకి చెమ్మ దిగి కాగితం తడిసిందా, వీధిలో ఫోన్లు మూగబోయేవి. కేబుళ్లు అతికే జాయింటర్ నీళ్లు తోడి, తీగల జతలు విడదీసి, ఆరబెట్టి, మళ్లీ కలపాలి. పైనుంచి చందాదారుడి తిట్లు సరేసరి.

ఆ మనిషిని చూపించాకే 1968 సెప్టెంబరు 19 సమ్మెకు రా. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులతో కలిసి తపాలా, టెలిఫోన్ వాళ్లు చేసిన ఆ ఒక్కరోజు సమ్మెను ప్రభుత్వం ఆర్డినెన్సుతో నిషేధించింది. పఠాన్‌కోట్‌లో కాల్పులు జరిగాయి. కోరిక ఏమిటి? "అవసరాల ఆధారిత కనీస వేతనం" అని రాసి ఊరుకున్నావు. దాని వెనక 1957 భారత కార్మిక సదస్సు వేసిన లెక్క ఉంది: పెద్దవాళ్లకు రోజుకు 2,700 కేలరీలు, నలుగురున్న ఇంటికి ఏడాదికి 72 గజాల బట్ట. ఆ 72 గజాల్లోంచి చీరలు, చొక్కాలు, దుప్పట్లు ఎన్ని వస్తాయో లెక్కకట్టి రాయి.

తపాలా, టెలిఫోన్ వాళ్ల 1946 జూలై సమ్మె, 1954లో వాళ్ల సంఘాల జాతీయ ఫెడరేషన్ పుట్టుక రెండు పేజీలు దాటనక్కర్లేదు. మిగిలిన చోటు కందకాలు తవ్విన క్యాజువల్ మజ్దూర్లకు ఇవ్వు. ఏళ్ల తరబడి రోజుకూలీ మీదే పనిచేశారు. రెగ్యులర్ ఉద్యోగుల కనీస స్థాయి జీతమైనా ఇవ్వాలని, ఏడాదికి మించి పనిచేస్తున్నవాళ్లను పర్మనెంట్ చేసే పథకం తయారుచేయాలని 1987లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. వాళ్లు కోర్టు గడప ఎందుకు తొక్కాల్సి వచ్చిందో సంఘాన్నీ అడుగు. మొహమాటపడకు.

2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్ నుంచి 78 వేల మందికి పైగా ఒక్కరోజే స్వచ్ఛంద పదవీ విరమణ చేశారు. వాళ్లలో ఒకరు మీ ఊళ్లోనే ఉండి ఉంటారు. సంఘం మినిట్స్ పుస్తకాలు ఎక్కడికీ పోవు, ముందు ఆయన ఇంటికి వెళ్లు. పనిముట్ల సంచి ఇంకా దాచుకున్నాడేమో అడిగి, ఏ పనిముట్టు దేనికో రాసుకుని రా.

మీ అన్నయ్య